కచేరీ పద్ధతులు – కంప్యూటరు యంత్రములు

భూమి దస్త్రములను కంప్యూటరుల కెక్కించు కార్యము తెలుగుదేశమున నారంభమై పాతిక సంవత్సరములు దాటినది. ఈ కాలములో ప్రభుత్వములు మాఱినవి, రాష్ట్రము రెండైనది, చట్టములు వచ్చినవి, వానిలో కొన్ని పోయినవి. ప్రతి మార్పునకు ముందు ప్రకటనలును, పిదప ఫిర్యాదులును వచ్చినవి. ఒక్క విషయమును గూర్చి మాత్రము చాలినంత చర్చ జరుగలేదని మా యభిప్రాయము. కచేరీలో కాగితము నడచు దారి యెట్టిది, ఆ దారిలో నెన్ని మలుపులున్నవి, ఏ మలుపునొద్ద నెవరు కూర్చుండి యున్నారు, ఆ మలుపు అసలు అవసరమా కాదా యను ప్రశ్న వేయకయే మనము యంత్రములు కొనుచు వచ్చితిమి. యంత్రము కొనుట సులభము. టెండరు పిలిచినచో వచ్చును. దారి సరిచేయుట కష్టము. దానికి టెండరు లేదు.

మా పాఠకులలో నడివయస్సు దాటినవారు 1998 సం॥నకు పూర్వపు సబురిజిస్ట్రారు కచేరీని మఱచి యుండరు. స్టాంపు కాగితములు వెండరువద్ద కొని, దస్తావేజు లేఖరిముందు కూర్చుండి సరిహద్దులు చెప్పి వ్రాయించుకొని, ఆస్తియొక్క మార్కెటు విలువ యెంతయో గుమాస్తాచేత పుస్తకములో చూపించుకొని, సాక్షులను వెంటబెట్టుకొని, వ్రేలిముద్రలు వేసి యింటికి వచ్చిన పిదపను పని ముగిసెడిది కాదు. ఆ దస్తావేజును 1908 సం॥ రిజిస్ట్రేషను చట్టము ననుసరించి కచేరీ పుస్తకములోనికి అక్షరము పొల్లుపోకుండ చేతితో నెక్కింపవలెను. నకలు వ్రాయు గుమాస్తాలు కొద్దిమంది, దస్తావేజులు గుట్టలు. అసలు కాగితము చేతికి వచ్చుటకు దినములు, ఒక్కొక్కచో వారములు పట్టెడివి. ఆస్తిపై అప్పులున్నవో లేవో తెలిసికొనుటకు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు కావలెనన్నచో సంవత్సరమునకొక సూచిక చొప్పున పాతపుస్తకములన్నియు దింపి వెదకవలెను. మార్కెటు విలువల పుస్తకము ప్రజలందఱికిని తెలియవలసినదే. కాని యది గుమాస్తా బల్లసొరుగులో నుండుటచేత గుమాస్తాకు విలువ వచ్చినది.

1998 సం॥ నవంబరు 4వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'కార్డు' అను పేర రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టెను. తొలి విడతలోనే 214 కచేరీలకు అది వ్యాపించెను. చేతితో నకలు వ్రాయుట పోయి, దస్తావేజు బొమ్మను యంత్రమే దాచుకొనుట వచ్చినది. ఇందుకై రిజిస్ట్రేషను చట్టమునకు రాష్ట్రమువారు సవరణ చేయవలసివచ్చెను. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు నిమిషములలో చేతికి వచ్చుట మొదలైనది. ఈనాటికిని మన రెండు రాష్ట్రములలో కంప్యూటరునందు లభించు వివరములు 1983 సం॥ నుండియే యనియు, అంతకు ముందరివాటికై కచేరీ మెట్లెక్కవలెననియు భూమి కొన్నవారందఱు నెఱుగుదురు. ఏమైనను ఇది గొప్ప కార్యమే. దీనిని తక్కువచేసి చెప్పుట మా యుద్దేశము కాదు.

అయితే 2004 సం॥లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' యను ఆంగ్లపత్రికలో ఈ కార్డు పద్ధతిని గూర్చి యొక పరిశీలన వెలువడెను. దాని సారాంశము ప్రభుత్వమువారికి రుచించునది కాదు. కచేరీలకు యంత్రములు వచ్చినవేగాని, లంచమును మధ్యవర్తులును తొలగిపోలేదని యా పరిశీలకుడు తేల్చెను. కచేరీ ముంగిట నిలిచిన పాఠకులకిది క్రొత్త సంగతి కాదు. దీనికి కారణమేమి? నకలు వ్రాయుటయను పని యంత్రమునకు పోయినది, కాని కక్షిదారుడు తన కాగితమును తానే సిద్ధపఱచుకొని తానే యధికారిముందు పెట్టుకొనగల స్థితి రాలేదు. దస్తావేజు లేఖరి గుమ్మమువద్దనే యున్నాడు. కాగితములో లోపమున్నదని ప్రక్కన పెట్టు నధికారము, విలువ తక్కువ చూపినారని యాపు నధికారము, బల్ల కవతలనున్నవారి చేతిలోనే మిగిలినది. ఏ మలుపువద్ద రూకలు రాలుచుండెనో ఆ మలుపును ముట్టుకొనలేదు. రూకలు రాలని మలుపును మాత్రము నున్నగా చేసితిమి.

ఇంతకంటె పెద్ద మలుపు మఱియొకటి కలదు. రిజిస్ట్రేషను ఒక శాఖ, రెవిన్యూ మఱియొక శాఖ. సబురిజిస్ట్రారువద్ద అమ్మకము రిజిస్టరైనంతమాత్రమున పహాణీలోను, అడంగలులోను పేరు మాఱదు. కొన్నవాడు మరల తహసీలుదారునకు అర్జీ పెట్టుకొని, మ్యుటేషనుకై తిరుగవలెను. వాడు తిరుగలేక యూరకున్నచో పహాణీలో అమ్మినవాని పేరే నిలిచియుండును. ఆ పేరు చూపి అమ్మినవాడో వాని కొడుకులో మఱియొకనికి అమ్మివేయుదురు. మన జిల్లా కోర్టులలోని సివిలు వ్యాజ్యములు ఎన్ని యీ రెండు శాఖల నడుమనున్న సందులో పుట్టినవో న్యాయవాదులను అడిగినచో తెలియును. కార్డు పద్ధతి ఈ సందును పూడ్చలేదు. సందుకు ఇరువైపులను వేఱువేఱు కంప్యూటరులు వచ్చినవి.

ఈ దోషము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో మైకేల్ హామర్ అను ఆచార్యుడు 1990 సం॥లో హార్వర్డు బిజినెస్ రివ్యూలో నొక వ్యాసము ప్రకటించెను. పెద్ద సంస్థలు పాత పద్ధతులను అట్లేయుంచి వానిని వడిగా నడపుటకు మాత్రమే కంప్యూటరులను వాడుచున్నవనియు, అవసరము తీరిన పద్ధతులను ముందు తొలగింపవలెననియు నతని వాదము. అతడు చూపిన దృష్టాంతము వినదగినది. ఫోర్డు మోటారు కంపెనీలో సరకు సరఫరాదారులకు డబ్బు చెల్లించు విభాగమున నయిదువందలకు మించి యుద్యోగులుండిరి. జపానులోని మజ్దా కంపెనీలో ఆ పనికి అయిదుగురు! మజ్దా చిన్న సంస్థయే. అయినను ఈ భేదమునకు అది చాలదు. ఫోర్డు పద్ధతిలో ఆర్డరు కాగితము, సరకు ముట్టిన రసీదు, అమ్మినవాని బిల్లు మూడును సరిపోల్చవలెను. సరిపడనివి వెదకుటలోనే యుద్యోగుల కాలము గడచెడిది. తుదకు ఫోర్డువారు బిల్లు అను కాగితమునే మానివేసిరి. సరకు దిగినచోట గుమాస్తా ఆర్డరుతో పోల్చుకొని సరియున్నచో పుచ్చుకొనును, డబ్బు తానే పోవును; సరి లేనిచో సరకు వెనుకకు పోవును. అయిదువందల మందికి అయిదువందల యంత్రములు కొనిపెట్టినచో ఈ ఫలము వచ్చియుండునా?

మా పట్టణమున మాకు పరిచితుడైన యొక వర్తకుడు తన ధాన్యపు మండీలో లెక్కలకు కంప్యూటరు పెట్టించెను. రెండేండ్ల తరువాత చూడగా గుమాస్తా చిట్టా, ఆవర్జా పూర్వమువలెనే చేతితో వ్రాయుచు, సాయంకాలము వానిని కంప్యూటరులో నెక్కించుచుండెను. ఎందుకని యడిగితిమి. యజమానిగారు రాత్రి పుస్తకములోనే చూచి సంతకము చేయుదురు గావున పుస్తకము మానుటకు వీలులేదని గుమాస్తా చెప్పెను. ఒక పనికి రెండు పనులైనవి. దోషము గుమాస్తాది కాదు.

కర్ణాటకమువారి 'భూమి' పద్ధతి నిచ్చట ప్రస్తావింపక తప్పదు. 2001, 2002 సం॥ల నాటికి వారు 177 తాలూకాలలో సుమారు అరువదియేడు లక్షల రైతుల భూమి దస్త్రములు, రెండు కోట్ల వఱకు, కంప్యూటరుల కెక్కించిరి. పూర్వము తొమ్మిదివేలమంది గ్రామలెక్కరుల చేతిలోనుండిన పత్రము, తాలూకా కచేరీలో పదునైదు రూపాయలకు అడిగినవాని కెల్ల నిచ్చుట ప్రారంభించిరి. చేతివ్రాత పత్రము చెల్లదని శాసించిరి. రెండును నడువనిచ్చినచో మా పరిచితుని మండీవలెనే యగునని వారు గ్రహించిరి కాబోలు. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. మ్యుటేషను అర్జీలు వచ్చిన వరుసలోనే పరిష్కారము కావలెను. ముందరి యర్జీని దాటి వెనుకటిదానిని తీయుటకు యంత్రము ఒప్పుకొనదు. తిరస్కరించినచో కారణము వ్రాయవలెను. వరుస తప్పించు శక్తియే చిన్నయుద్యోగికి బలము, పెద్దవారికి సౌకర్యము. దానిని తీసివేయుట పద్ధతిని మార్చుట. దీనికిని నొక రెండవ ప్రక్క కలదు. దస్త్రములు గ్రామమునుండి తాలూకాకు చేరుటచేత బెంగుళూరు చుట్టుపట్లనుండు పెద్ద కొనుగోలుదారులకును దళారులకును ఏ భూమి యెవరిదో సులభముగా తెలిసి, చిన్నరైతుకంటె వారికే మేలు కలిగినదని 2007 సం॥లో కొందఱు పరిశోధకులు వ్రాసిరి. సౌకర్యము ఎవరికి కలుగునను ప్రశ్న ముందే వేసికొనవలసినది.

ఇక తెలంగాణము మాట. 2017 సం॥ సెప్టెంబరులో భూమి దస్త్రముల శుద్ధికార్యక్రమమును ప్రారంభించి, వివాదములేని భూములను 'ఏ' భాగముగను, వివాదమున్నవానిని 'బీ' భాగముగను విడదీసిరి. 2020 సం॥ సెప్టెంబరులో గ్రామరెవిన్యూ అధికారుల యుద్యోగములను చట్టముచే రద్దుచేసిరి. అప్పటి హక్కుల చట్టమునకు మాఱుగా క్రొత్త పట్టాదారు పాసుపుస్తకముల చట్టమును చేసిరి. అక్టోబరు 29వ తేదీన 'ధరణి' ప్రారంభమైనది. ఇందులో నొక గొప్ప గుణము కలదు. ప్రత్యర్థులును దానిని కాదనలేరు. వ్యవసాయభూములకు తహసీలుదారునే సబురిజిస్ట్రారుగా చేసి, రిజిస్ట్రేషనును మ్యుటేషనును ఒకే కూర్చుండుటలో పూర్తిచేసిరి. మేము పైని చెప్పిన సందును పూడ్చిరి. వివాదములేని భూమి కొన్నవాడు ఉదయము పోయి మధ్యాహ్నమునకు తన పేర పట్టాతో తిరిగివచ్చిన యుదాహరణములు మేమును చూచితిమి. పాతిక సంవత్సరములలో ఎవరును చేయని సాహసమది.

అట్లైనచో గ్రామములలో నంత యార్తనాద మేల పుట్టినది? దస్త్రములోని తప్పును తప్పుగానే యంత్రమున కెక్కించి, ఆ పిదప తప్పు దిద్దు దారులను మూసివేయుటచేత. పేరులో అక్షరము తప్పినది, విస్తీర్ణములో గుంటలు తగ్గినవి, సర్వే నంబరులో నొక భాగము ప్రభుత్వభూమియైనచో నంబరంతయు నిషేధితజాబితాలో పడినది, తాత పేర నున్నది మనుమని పేర నెక్కలేదు. ఇవి మన పహాణీలలో తరతరములుగా నున్న తప్పులే. పూర్వము వానిని పట్వారీయో, వీ.ఆర్.ఓ.యో, తహసీలుదారో దిద్దెడివారు; దిద్దుటకు పుచ్చుకొనెడివారు కూడ. లంచమునకు తావున్నదని ఆ దారిని మూసిరి. కాని దారి మూసినంతమాత్రమున తప్పు పోవునా? గుంటల తేడాకు సైతము రైతు మీసేవా కేంద్రమునకు పోయి, ఏదో యొక మాడ్యూలు నంబరుక్రింద అర్జీ పెట్టవలసివచ్చెను. అది జిల్లా కలెక్టరువద్దకు పోవలసియుండెను. జిల్లాలోని వేలకొలది యర్జీలకు కలెక్టరొక్కడు. ఆయనకు ఎన్నికలు, వఱదలు, మంత్రులు వేఱుగా నుండనేయున్నారు. తహసీలుదారు ఉత్తరువుపై అప్పీలు లేకుండెను. సివిలు కోర్టుకు పొండనిరి. ముప్పది గుంటల రైతు జిల్లాకోర్టుకు పోవుట యనగా నేమో శాసనము వ్రాసినవారికి తెలియకపోవునా?

మేమొకనాడు తహసీలుకచేరీ యరుగుమీద నొక వృద్ధరైతుతో మాటాడితిమి. అతని పాసుపుస్తకములో ఎకరము పది గుంటలకు మాఱుగా ఎకరము మాత్రమే పడినది. ఆ పది గుంటలు ప్రక్కవాని పేరను లేవు, ప్రభుత్వము పేరను లేవు. సర్వే నంబరు మొత్తము చూచినచో ఎక్కడను లేవు. "పొలములో నున్నవి బాబూ, కంప్యూటరులోనే లేవు" అని యతడు చెప్పెను. పది గుంటలకు రైతుబంధు రాకపోయినను తన కంత బాధ లేదట. తాను పోయిన పిదప కొడుకు లిద్దఱు పంచుకొనునప్పుడు ఆ పది గుంటలకై కొట్టుకొందురని యతని భయము. నాలుగుమాఱులు అర్జీ పెట్టెను. నాలుగుమాఱులును తిరస్కృతమని యొక్క మాట సెల్‌ఫోనుకు వచ్చినది. కారణము లేదు.

అంతకంటె విచిత్రము సాదాబైనామాల కథ. రిజిస్ట్రేషను లేకుండ తెల్లకాగితముపై వ్రాసికొన్న కొనుగోళ్లను క్రమబద్ధము చేయుదుమని ప్రభుత్వమువారే 2020 సం॥ అక్టోబరులో అర్జీలు పిలిచిరి. సుమారు తొమ్మిది లక్షల యర్జీలు వచ్చినవి. గడువు నడుచుచుండగనే అక్టోబరు 29న క్రొత్తచట్టము అమలులోనికి వచ్చెను. అర్జీలు ఏ పాతచట్టము ననుసరించి పరిష్కరింపవలెనో ఆ చట్టము రద్దయ్యెను. క్రొత్తచట్టములో వానికి చోటు లేదు. నవంబరులో హైకోర్టు అభ్యంతరము తెలిపెను. అర్జీలు సంవత్సరముల తరబడి మూలుగుచు పడియుండెను. క్రొత్త పద్ధతికి మాఱునప్పుడు చేతిలోనున్న పనులు ఏ గతి పొందవలెనో ముందు నిశ్చయించుట యీ శాస్త్రములో మొదటిపాఠము. ఇండ్లు, స్థలములు మొదలగు వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషనులు సెప్టెంబరునుండి డిసెంబరువఱకు నిలిచిపోయినవి. ఆధారు, కులము మొదలగు వివరములడుగుటపై వ్యాజ్యములు నడచి, కడపట పాత కార్డు పద్ధతికే మరలవలసివచ్చినది. పాత యంత్రము చెడగొట్టకుండ నుంచుటయే ఆనాడు పట్టణవాసులను కాపాడెను.

గ్రామరెవిన్యూ అధికారులను తొలగించిన సంగతి కొంత వివరింపదగియున్నది. వారిలో లంచగొండు లుండిరి. ఆ మాట దాచ నక్కఱలేదు. 1984 సం॥లో కరణము, మునసబు, పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసినప్పుడును కారణములు లేకపోలేదు. కాని రెండుమాఱులును నొకే పొరపాటు జరిగెను. ఆ యుద్యోగి చేతిలో నధికారముతోపాటు జ్ఞానము కూడ నుండెను. ఏ గట్టు ఎప్పుడు జరిగినది, ఏ కుంట శిఖములో నెవరు దున్నుచున్నారు, దస్త్రములోని రామయ్య యే రామయ్య – ఇది ఏ పుస్తకములోను లేదు. అధికారమును తీసికొనుటకు ముందు ఆ జ్ఞానమును వ్రాయించుకొనలేదు. 2022 సం॥లో అయిదువేలకు పైగా నుద్యోగులను లాటరీవేసి యితరశాఖలకు పంచిరి. తరువాతి ప్రభుత్వమువారు గ్రామమునకొక యధికారి కావలెనని 2025 సం॥లో మరల గ్రామపాలనాధికారులను నియమించిరి. మధ్యకాలములో నేమి పోయినదో లెక్కవేసినవారు లేరు.

యంత్రము చెప్పినది సత్యమనియు, మనుష్యుడు చెప్పినది సాకనియు నమ్మినచో నేమగునో ఇంగ్లండు తపాలాశాఖ లోకమునకు చూపినది. 1999 సం॥ నుండి యచ్చట ఉపతపాలాకచేరీలలో 'హొరైజన్' అను కంప్యూటరు లెక్కల పద్ధతిని ప్రవేశపెట్టిరి. యంత్రపు తప్పులచేత లెక్కలో డబ్బు తక్కువ కనబడగా, ఆ డబ్బు పోస్టుమాస్టరులే తినివేసిరని నిందించిరి. 1999, 2015 సం॥ల మధ్య తొమ్మిదివందలకు మించినవారు శిక్షితులైరి. కొందఱు చెఱసాలకు పోయిరి, కొందఱు దివాలాతీసిరి. 2019 సం॥లో లండను హైకోర్టు ఆ యంత్రము నమ్మదగినది కాదని తీర్పు చెప్పెను. 2024 సం॥లో పార్లమెంటు ప్రత్యేకచట్టముచేసి ఆ శిక్షలను కొట్టివేయవలసివచ్చెను. అంత నాగరికమైన శాఖలో ఇరువది యేండ్లు తప్పు దిద్దుబాటు కాకపోవుటకు కారణము యంత్రవిద్యలేమి కాదు. తప్పున్నదని చెప్పినవాని మాట వినుటకు కచేరీలో నొక కుర్చీ లేదు.

జపానులో టొయోటా మోటారు కర్మాగారమున ప్రతి పనివాని చేరువను నొక త్రాడు వ్రేలాడుచుండును. తన చేతికి వచ్చిన భాగములో లోపము కనబడినచో వాడా త్రాడు లాగును, పైమేస్త్రి వచ్చును, లోపము వెంటనే దిద్దుబాటు కానిచో వరుస యాగిపోవును. అట్టి త్రాడొకటి మన తహసీలుకచేరీలో నున్నదా? ఉన్నచో నెవరి చేతికందును? అర్జీని తిరస్కరించు బొత్తాము నొక్కు నుద్యోగి, ఈ బొత్తాము తప్పని తెలిసియు, పైకి చెప్పుకొను మార్గమేది?

ఆంధ్రప్రదేశమువారి యనుభవము మఱియొక తీరుగా నున్నది. 2020 సం॥ డిసెంబరులో కృష్ణాజిల్లా జగ్గయ్యపేట మండలము తక్కెళ్లపాడులో భూముల రీసర్వే ప్రారంభించిరి. బ్రిటిషువారి కాలపు కొలతలు చాలవనుట నిజమే. అయితే కొలతలు ముగియకయే, కొలిచినచోట రైతుల యాక్షేపణలు తీరకయే, 2022 సం॥ భూహక్కుల చట్టము వచ్చి 2023 సం॥ అక్టోబరులో నమలైనది. హక్కునిర్ణయము సివిలుకోర్టులనుండి తప్పించి అధికారుల చేతిలో పెట్టుదురని రైతులు భయపడిరి. 2024 సం॥లో ఆ చట్టము రద్దయ్యెను. చట్టముయొక్క గుణదోషములు వేఱుసంగతి. ప్రజలకు నమ్మకము కలిగించు నుత్తరువును ఏ ఆర్డినెన్సును తేలేదు.

అట్లయిన నీ కార్యము నెట్లు చేయవలెను? ఈ విద్యలో నారితేరిన విన్‌స్టన్ రాయిస్ అను అమెరికను ఇంజనీరు 1970 సం॥లోనే యొక మాట చెప్పియున్నాడు. పెద్ద కంప్యూటరు పద్ధతిని ముందు కాగితముపై గీచి, పిదప నిర్మించి, కడపట పరీక్షించుట యను నొక్క వరుసలో నడపినచో తప్పులన్నియు చిట్టచివరను బయలుపడి ముప్పు తెచ్చుననియు, అసలుకు ముందు చిన్నది యొకటి చేసి చూడవలెననియు, వాడుకొనువారిని మొదటినుండియు కూడగట్టుకొనవలెననియు నతడు వ్రాసెను. లోకమున చాలమంది అతని పటమును తీసికొని హెచ్చరికను విడిచిపెట్టిరి. ధరణి రాష్ట్రమంతటను నొక్కమాఱుగా ప్రారంభమైనది. దానికి తరువాత వచ్చిన 'భూభారతి'ని 2025 సం॥ ఏప్రిలు 14వ తేదీన ప్రారంభించినప్పుడు, మొదట నారాయణపేటజిల్లా మద్దూరు, కామారెడ్డిజిల్లా లింగంపేట, ములుగుజిల్లా వెంకటాపూరు, ఖమ్మముజిల్లా నేలకొండపల్లి మండలములలో ప్రయోగముగా నడపి, రెవిన్యూ సదస్సులు పెట్టి యర్జీలు తీసికొని, పిదప జూనులో నితరమండలములకు వ్యాపింపజేసిరి. ఇది సరియైన మార్గము. ఈ చట్టములో అప్పీలుకు తావిచ్చుటయు సరియైనదే. అంతకుముందు నియమించిన అయిదుగురు సభ్యుల సంఘమువారు జిల్లాలు తిరిగి రైతులను విచారించుటయు మేము మెచ్చుకొనుచున్నాము.

మెచ్చుకొనుచునే నొక సందేహము తెలుపుచున్నాము. నాలుగు మండలములలో ప్రయోగము చేసితిరి. ఆ ప్రయోగమువలన నేర్చుకొన్నదేమి? ఎన్ని యర్జీలు వచ్చినవి, ఎన్ని తప్పులు దస్త్రమువి, ఎన్ని యంత్రమువి, ఎన్నింటికి చట్టములో దారి లేదు, వానివలన నే నియమమును మార్చితిరి? నెలనెలయు నీ వివరములు గ్రామప్రజలకు తెలియునట్లు ప్రకటింపనిచో ప్రయోగమునకును ప్రారంభోత్సవమునకును భేదము కానరాదు. రెండవది. ధరణిని నిర్మించి నడపినది ప్రైవేటు సంస్థ; 2024 సం॥ డిసెంబరునందు దానిని కేంద్రప్రభుత్వపు నేషనల్ ఇన్‌ఫర్మేటిక్సు సెంటరునకు అప్పగించిరి. కంట్రాక్టరులను పెట్టుకొనుట తప్పు కాదు. ఇల్లు కట్టుటకు మేస్త్రిని పెట్టుకొనమా? కాని యింటి తాళపుచెవియు పటమును యజమాని చేతిలో నుండవలెను. ఒక నియమమును మార్చవలెనన్నచో ఏ పుటలో నే పంక్తి మార్చవలెనో చెప్పగల యుద్యోగులు రెవిన్యూశాఖలోనే యుండవలెను. రెండేండ్ల కొకమాఱు వారిని బదిలీచేయరాదు.

మూడవది చిన్నదిగా తోచును. అర్జీని తిరస్కరించినప్పుడు కారణమును తెలుగులో, పూర్తివాక్యముగా, తిరస్కరించిన యధికారి పేరుతో వ్రాసి యియ్యవలెను. అట్లు వ్రాయనిది తిరస్కారము కాదని నియమము చేయవలెను. దీనికి క్రొత్తయంత్రము కొన నక్కఱలేదు. ప్రతి తహసీలు కచేరీ గుమ్మమువద్ద నొక నల్లబల్ల తగిలించి, ఈ నెల వచ్చిన యర్జీలు ఇన్ని, తీరినవి ఇన్ని, త్రోసివేసినవి ఇన్ని, మిక్కిలి పాతయర్జీ ఫలానా తేదీది అని సుద్దతో వ్రాయింపవలెను. మేము చూచిన యరుగుమీది రైతు చదువుకొన్నవాడు కాకపోయినను అంకెలు చదువగలడు. ఆ కడపటి పంక్తిలోని తేదీ నెలనెలయు ముందుకు జరుగుచున్నదో లేదో అతడే చూచుకొనును.